చుక్కల చదువు మన ఆపద్ధనము

(కొత్తచెరువున చదువరుల సభయందు మేము చేసిన ప్రసంగ పాఠము)



కొత్తచెరువు సముద్రపుటూరు కాదు. తూర్పుకడలికైనను పడమటికడలికైనను ఇచ్చటినుండి 200 కిలోమీటర్లకు పైబడిన దూరము గలదు. ఇచ్చటి పిల్లలలో పెక్కండ్రు ఓడను బొమ్మలోనే చూచియుందురు. అట్టి యూరిలో నిలిచి నావికుల నక్షత్రవిద్యను గూర్చి మాటలాడ బూనుట మీలో కొందరికి వింతగా తోపవచ్చును. కాని యీ విద్య ఓడ యెక్కినవారి సొత్తు మాత్రమే కాదు. చీకటిలో త్రోవ తెలిసికొనుట, వేళ నెరుగుట, తానున్న చోటును తన కన్నులతో నిర్ణయించుకొనుట అను మూడు పనులును ఎవరికి అవసరమో వారందరిదియు నీ విద్య. అంతకన్న ముఖ్యమైన దొకటి కలదు. తాను నిత్యము నమ్ముకొన్న యంత్రము నిలిచిపోయిన దినమున ఒక జాతి యేమి చేయగలదు? ఈ ప్రశ్నయే నేటి మా ప్రసంగమునకు ప్రాణము.

మేము చెప్పదలచిన దొక్కటే. ఆపత్కాలమునకై దాచుకొన్న విద్య పుస్తకములలో నున్న చాలదు. కన్నులలోను చేతులలోను ఉండవలెను. వాడుకలో లేని ఆపద్ధనము ఆపద్ధనమే కాదు.

మన పల్లెల యాకాశము

గడియారము ఇంటింటికి రాకమునుపు మన పెద్దలు వేళ నెట్లు తెలిసికొనుచుండిరి? తెల్లవారుజామున కపిల తోలవలసిన రైతు, వేగుచుక్క కానవచ్చు మాసములందు దానిని చూచి యెద్దులను కట్టెడివాడు. గొర్రెలమందతో పొలములలో రాత్రులు గడపు కాపరి, పిల్లలకోడి యెంత పైకెక్కినదో చూచి జాములు లెక్కించెడివాడు. పిల్లలకోడి యనగా కృత్తికలు. గుంపుగా కూడిన ఆ చిన్న చుక్కలలో పల్లెవాని కన్ను తల్లికోడిని, పిల్లలను చూచినది. ఒకే వరుసలో మెరయు మూడు చుక్కలకు గొల్లకావడి యని పేరు పెట్టినది. ఆ మూడును ఇంచుమించు సరిగా తూర్పున నుదయించి సరిగా పడమట నస్తమించును. కావున గొల్లకావడి పొడుచునప్పుడు దానివైపు తిరిగి నిలిచినవానికి దిక్సూచి లేకయే నాలుగు దిక్కులును తెలియును.

సేద్యమంతయు కార్తెలతోనే నడచినది. అశ్విని మొదలు రేవతి వరకు 27 కార్తెలు. సూర్యుడు ఏ నక్షత్రమందున్నాడో దానినిబట్టి ఈ లెక్క. అయితే సూర్యు డున్న నక్షత్రము సూర్యుని వెలుగులోనే మునిగి కంటికి కానరాదు. తెల్లవారకమునుపు ఏది పొడిచెనో, ప్రొద్దు గ్రుంకిన పిదప ఏది వాలెనో చూచి, కానరాని దానిని కానవచ్చు దానినుండి ఊహించి మన పూర్వులీ లెక్కను కట్టిరి. ఆరుద్ర కార్తె వచ్చినదని వేరుసెనగ విత్తనములు సిద్ధపరచు అనంతపురపు రైతు, తనకు తెలియకయే వేలయేండ్ల యాకాశపరిశీలనకు వారసుడైయున్నాడు.

నేడు ఆ కార్తె గోడమీది క్యాలెండరులో అచ్చుపడి వచ్చుచున్నది. పేరు మిగిలినది, చూపు పోయినది. పెండ్లిపందిట పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపును. చూపువానికి కాని, చూచువారికి కాని అది యెచ్చట నున్నదో తెలిసిన పెండ్లిండ్లు ఎన్ని? సప్తర్షులలో వసిష్ఠుని ప్రక్కనే మినుకుమను ఆ చిన్న చుక్కను నిజముగా చూచితిమని చెప్పగలవారు మీలో ఎందరో మీరే యెంచుకొనుడు.

తెలుగు తీరము నేర్చిన విద్య

ఇక సముద్రమువైపు చూతము. తెలుగువారికి ఓడలు క్రొత్త కావు. శాతవాహనుల నాణెములలో రెండు తెరచాపకొయ్యల యోడబొమ్మ గలవి దొరికినవి. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో టాలెమీ యను గ్రీకు భూగోళజ్ఞుడు కృష్ణాతీర సీమను మైసోలియా యని పేర్కొని, సువర్ణభూమికి పోవు ఓడలు తీరమును విడుచు తావు నొకదానిని ఆ ప్రాంతముననే గుర్తించెను. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, గాలివానకు చిక్కి యొడ్డున పడిన యోడల సరకును రాజులు దోచుకొను నాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము మాత్రమే కొందునని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. పిమ్మట మచిలీపట్టణము, కోరంగి వెలసినవి. బర్మాలో తెలుగువారందరికిని కొరంగీలను పేరు వచ్చిన దనిన, ఆ రేవునుండి బంగాళాఖాతమును దాటినవారి సంఖ్య ఎంతటిదో ఊహింపుడు.

ఈ సరంగులు, తండేళ్ళు నడిసముద్రమున తావు నెట్లు గుర్తించిరి? 1850లో మదరాసునుండి వెలువడిన సాహిత్య శాస్త్ర పత్రికలో కాంగ్రీవ్ అను సైనికాధికారి మన తూర్పుతీరపు నావికుల ఉపాయములను వర్ణించెను. అందొకటి మిక్కిలి ముచ్చటైనది. అరచేతిలో ఇముడు చిన్న చెక్కపలక. దాని నడుమ నుండి ఒక త్రాడు. ఆ త్రాటికి ముడులు. ఒక్కొక్క ముడి ఒక్కొక్క రేవునకు గుర్తు. నావికుడు ముడిని పండ్ల నడుమ పట్టి, త్రాటిని బిగలాగి, పలక క్రిందియంచును సముద్రపు అంచునకు చేర్చి చూచును. పై యంచును ధ్రువనక్షత్రము తాకినచో ఆ ముడికి చెందిన రేవునకు తాను ఎదురుగా నున్నట్లు. ఇక తీరమువైపు చుక్కాని త్రిప్పుటయే పని. అరబ్బు నావికులకును ఇట్టి పనిముట్టే కలదు. దానిని వారు కమాల్ అందురు. వారి కొలతకు ఇస్బా యని పేరు. వ్రేలని దాని యర్థము.

ఇందలి కిటుకు సులభము. ధ్రువనక్షత్రము భూమి యుత్తరధ్రువమునకు ఇంచుమించు నెత్తిన నున్నది. కావున మన మెంత యుత్తరమునకు పోయిన అది యంత పైకి లేచును. కొత్తచెరువున అది ఆకాశపుటంచునకు సుమారు 14 డిగ్రీల ఎత్తున నుండును. మచిలీపట్టణమున 16 డిగ్రీలు. విశాఖపట్టణమున 17 డిగ్రీలకు పైచిలుకు. కన్యాకుమారిలో 8 డిగ్రీలు మాత్రమే. ఒక్క డిగ్రీ యనగా భూమిమీద సుమారు 111 కిలోమీటర్లు. మన తూర్పుతీరము మొత్తముమీద దక్షిణోత్తరములుగా సాగినది కనుక ఈ ఒక్క కొలతతోనే ఏ రేవు ఎదుట నున్నామో తెలియును. పుస్తకమెరుగని కలాసి పలక, త్రాడు, పండ్లు, కన్ను అను నాలుగింటితో భూగోళశాస్త్రమును సాధించినాడు.

ఈ విద్య సముద్రముననే కాదు, మన సీమయందును పని చేసినది. విలియం లాంబ్టన్ 1802లో మదరాసు చెంత ప్రారంభించిన మహా త్రికోణ కొలత మైసూరు మీదుగా మన ప్రాంతమునకు వచ్చినది. పెనుకొండకు పడమట నున్న పావగడ, గుత్తి చేరువనున్న నాంతాబాదు ఆ కొలతలో నక్షత్రముల యెత్తును చూచిన స్థలములు. భూమిపై రెండు తావుల నడుమ దూరమును గొలుసులతోను త్రికోణములతోను కొలిచి, అవే తావులనుండి అవే చుక్కల యెత్తులో గల భేదమును కనుగొని, ఆ రెంటిని సరిపోల్చి భూమి వంపును లెక్కించిరి. మన రాళ్ళగుట్టలమీది చుక్కలు భూమి యాకారమును తెలుపుటకు సాక్ష్యము చెప్పినవి. ఆ కొలతను చేయించినది పరప్రభుత్వము. దాని ఫలము వారి పాలనకు సాధనమైనది. కాని ఆకాశము ఏ కంపెనీ సొత్తును కాదు. చూడ నేర్చినవానికే అది పలుకును.

నేటి యంత్రము

ఇప్పుడు ఎవరును పలకను, త్రాటిని వాడుట లేదు. జేబులోని ఫోనును తీసి చూచిన మన మున్న వీధి తెలియును. అమెరికావారి జి.పి.ఎస్. 1995లో సంపూర్ణముగా పనిలోనికి వచ్చినది. మన దేశమును వెనుకబడలేదు. మన శ్రీహరికోటనుండియే 2013 జూలైలో మొదటి మార్గదర్శక ఉపగ్రహమును, 2016 ఏప్రిల్‌లో ఏడవదానిని పంపి ఆ వ్యూహమునకు నావిక్ అని పేరు పెట్టుకొన్నాము. తెలుగు గడ్డనుండి లేచిన యీ కృత్రిమ నక్షత్రములను చూచి గర్వింపని తెలుగువాడుండడు. మేమును గర్వించుచున్నాము. యంత్రము వలదని చెప్పుటకు మేమిచ్చటికి రాలేదు.

అయినను ఆ యంత్రము పనిచేయు విధ మెరిగినగాని దాని బలహీనత తెలియదు. ప్రతి యుపగ్రహమునందును అణుగడియారము లుండును. అవి వేళను చెప్పుచు సంకేతములు పంపుచుండును. మన చేతిలోని పరికరము నాలుగైదు ఉపగ్రహముల సంకేతములు వచ్చిన వేళలలోని భేదమును చూచి చోటును లెక్క కట్టును. వెలుగు ఒక సెకనులో నూరుకోట్ల వంతు కాలమున సుమారు 30 సెంటీమీటర్లు పోవును. గడియార మా మాత్రము తప్పిన, చోటు ఆ మాత్రము తప్పును. జి.పి.ఎస్. ఉపగ్రహములు సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున నున్నవి. అంత దూరమునుండి వచ్చు సంకేతము నేల చేరునప్పటికి మిక్కిలి క్షీణించియుండును. దగ్గరనుండి ఒక చిన్న ప్రేషకము గట్టిగా కూసినచో ఆ సన్నని పలుకు వినబడదు. ఇంకను నేర్పరి యైనవాడు దొంగసంకేతమును పంపి లేని చోటును ఉన్నట్లు చూపగలడు. 2017 జూన్‌లో నల్లసముద్రమున ఇట్లే జరిగినది. సుమారు 20 ఓడలు నీటిమీద నుండగా వాని పరికరములు తాము ఒడ్డుమీది విమానాశ్రయమున నున్నట్లు చూపినవి.

శత్రువు చేయి లేకయే చిక్కు వచ్చిన సందర్భములును కలవు. మన నావిక్ వ్యూహమున మొదట పంపిన యుపగ్రహములోని మూడు గడియారములును పనిచేయుట మానినవి. దాని స్థానమున పంపిన యుపగ్రహము 2017 ఆగస్టులో కవచము విడక వృథా అయినది. 2018 ఏప్రిల్‌లో మరియొకదానిని పంపవలసివచ్చెను. మనవారు నిరాశ పడక స్వదేశమున చేసిన గడియారముతో 2023 మే నెలలో క్రొత్తతరము ఉపగ్రహమును పంపిరి. ఇది ప్రశంసింపదగిన పట్టుదల. అయినను దీనినుండి నేర్వవలసిన పాఠ మున్నది. యంత్రము పరదేశీయమైనను స్వదేశీయమైనను యంత్రమే. స్వదేశీయత దానికి యజమానిని మార్చునే కాని, చెడిపోవు స్వభావమును మార్పదు.

ఈ పాఠమును ధనబలము, యంత్రబలము గల అమెరికావారే నేర్చుకొన్నారు. వారి నౌకాదళ విద్యాలయమున 1990ల చివర నక్షత్రనౌకావిద్యను పాఠములనుండి తొలగించిరి. ఉపగ్రహములుండగా సెక్స్టాంటు ఎందుకని వారి తర్కము. 2015లో మరల దానిని ప్రవేశపెట్టిరి. ఆకాశమున తమ యుపగ్రహములు తిరుగుచుండగనే వారు పాతచుక్కల చదువునకు తిరిగివచ్చి రనిన, అది వెనుకకు పోవుట కాదు, ముందుచూపు.

రెండు పొరపాటులు

ఈ విషయమున మనలో రెండు తెగలవారు రెండు విధములుగా పొరపడుచున్నారు.

మొదటి తెగవారు, పూర్వులకు సర్వమును తెలియును, నేటి విద్య యంతయు వారి యెంగిలియే యందురు. వారికి మేము ధ్రువనక్షత్రమునే సాక్షిగా చూపుదుము. ధ్రువమను పేరే కాని అది నిశ్చలము కాదు. భూమి యిరుసు మెల్లమెల్లగా దిశ మార్చుకొనుచుండుటచే, గణపతిదేవుని శాసనకాలమున ఆ చుక్క నిజమైన ధ్రువస్థానమునకు సుమారు 5 డిగ్రీల దూరమున నుండెను. నేడు ముప్పాతిక డిగ్రీకన్నను తక్కువ. ఆ కాలపు నావికుడు ఆ చుక్క ప్రదక్షిణమున ఏ వైపున నున్నదో ఎరిగి కొలతను సవరించుకొనకున్న వందలకొలది కిలోమీటర్లు తప్పిపోయెడివాడు. ఉత్తరాయణమును చూడుడు. ఒకప్పుడు సూర్యుడు మకరరాశిని చేరుటయు, ఉత్తరముగా మరలుటయు ఒక్కదినముననే. నేడు సూర్యుడు మరలుట డిసెంబరు 21, 22 తేదీలలో. మనము మకర సంక్రాంతి చేసికొనుట జనవరి 14, 15 తేదీలలో. ఈ భేదమును విచారించుటకే మేఘనాద సాహా అధ్యక్షతను పంచాంగ సంస్కరణ సంఘము 1952లో ఏర్పడి 1955లో నివేదిక నిచ్చినది. పండుగను మార్చుడని మేము చెప్పుట లేదు. పూర్వులు చూచి వ్రాసిరి. మనము చూడక చదువుచున్నాము. చూచుట మానినచో శాస్త్రము జ్ఞాపకమగును, జ్ఞాపకము ఆచారమగును, తుదకు ఆచారము అర్థము కోల్పోవును. పూర్వుల నిజమైన గౌరవము వారి మాటను వల్లించుటలో లేదు. వారు చూచిన వైపు మరల చూచుటలో నున్నది.

మరియొక మాట. చుక్కల చదువనగానే జాతకము, వర్జ్యము, రాహుకాలము స్ఫురించుట మన దౌర్భాగ్యము. నావికుని నక్షత్రము వాని భవిష్యత్తును చెప్పదు. వాని చోటును చెప్పును. ఆ రెండింటిని కలిపి చూచినంతకాలము చదువుకొన్న యువకులు ఈ విద్యను మూఢనమ్మకమని దూరము చేయుదురు.

రెండవ తెగవారు, యంత్రము వచ్చినది, ఇక పాతది పారవేయుడందురు. వారికి ఈ యూరి పేరే సమాధానము. కొత్తచెరువు పేరులోనే చెరువున్నది. ప్రక్కనే చిత్రావతి నీటితో నిండు బుక్కపట్టణపు చెరువున్నది. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకవలసిన ఈ సీమలో పడిన చినుకును పట్టి నిలుపుటకు మన పెద్దలు ఊరూర చెరువులు త్రవ్విరి. బోరుబావులు వచ్చినవి. మీట నొక్కిన నీరు వచ్చుచుండగా చెరువుతో పనియేమని పలుతావుల వరవ కాలువలను మరచితిమి. కాలువలు పూడినవి; కొన్ని దున్నబడినవి. కొన్నియేండ్లకు బోరులు ఎండినవి. అప్పుడు చెరువు జ్ఞప్తికి వచ్చినది. కాని కాలువ పూడిన చెరువులోనికి వాన కురిసినను నీరు రాదు. చెరువున్నది, చెరువు చేయవలసిన పని లేదు. ఆపద వచ్చిన దినమున కాలువ త్రవ్వబూనినవాడు ఆ సంవత్సరపు పంటను దక్కించుకొనజాలడు. విద్యయు నట్టిదే. గ్రంథాలయమున పుస్తకముండుట చెరువుండుట; ఏటేట నేర్చి నేర్పుట కాలువను బాగుచేయుట.

ఆపద్ధనమునకు మూడు లక్షణములు

కావున దేనిని ఆపద్ధనమనవచ్చును? మా యభిప్రాయమున దానికి మూడు లక్షణము లుండవలెను.

మొదటిది, ప్రధానసాధనము చెడినపుడు దానితో కూడ చెడకుండుట. ఫోను పనిచేయకున్న మరియొక ఫోను చూతమనుట ఆపద్ధనము కాదు. రెండును ఒకే సంకేతమును నమ్ముకొన్నవి. నక్షత్రములకు విద్యుత్తు అక్కరలేదు, చందా అక్కరలేదు, ఏ రాజ్యపు అనుమతియు అక్కరలేదు. దీని లోపములనును దాచము. మబ్బు పట్టిన రాత్రి చుక్క కానరాదు. తుపానులో అసలే కానరాదు. ధ్రువనక్షత్రము ఉత్తరదక్షిణములను చెప్పును గాని తూర్పుపడమరలను చెప్పదు. దానికి సరియైన గడియారమును, నావిక పంచాంగమును కావలెను. గడియారము 4 నిమిషములు తప్పిన తావు ఒక డిగ్రీ తప్పును. కదలు ఓడపైనుండి నేర్పరి సెక్స్టాంటుతో చూచినను లెక్క రెండు మూడు కిలోమీటర్ల వరకు తేడా యుండవచ్చును. ఉపగ్రహము కొన్ని మీటర్లకు చెప్పును. కావున ఇది యంత్రమునకు బదులు కాదు. యంత్రము మూగవోయిన నాడు మనలను అంధులను కానీయని రెండవ కన్ను.

రెండవది, అలవాటులో నుండుట. భారత నౌకాదళపు మాజీ యధికారి అభిలాష్ టామీని తలపుడు. ఉపగ్రహ మార్గదర్శనమును వాడరాదను నియమముగల ఒంటరి భూప్రదక్షిణ పందెమున అతడు 2018లో బయలుదేరెను. ఆ సెప్టెంబరులో దక్షిణ హిందూమహాసముద్రపు తుపానులో తెరచాపకొయ్య విరిగి, వెన్నెముకకు గాయమై, పరులు వచ్చి కాపాడవలసిన స్థితికి వచ్చెను. అతడే 2022 సెప్టెంబరులో మరల బయలుదేరి సెక్స్టాంటు, కాగితపు పటములతో లోకమును చుట్టి 2023 ఏప్రిల్‌లో రెండవవాడుగా గమ్యము చేరెను. సెక్స్టాంటు ఉపయోగించు విధమును ఒక పూటలో చదువవచ్చును. ఊగు ఓడపై నిలిచి సూర్యుని అంచును సముద్రపు టంచున నిలుపుటకు ఏండ్ల సాధన కావలెను.

మూడవది, పలువురి చేతులలో నుండుట. పసిఫిక్ సముద్రపు దీవులవారి చరిత్ర మనకు హెచ్చరిక. వేల కిలోమీటర్ల నీటిని ఏ పనిముట్టును లేక చుక్కల యుదయాస్తమయములను, అలల తీరును చూచి దాటిన జాతి వారు. ఇరువదవ శతాబ్ది నడిమికి హవాయిలో ఆ విద్య యెరిగినవాడు మిగులలేదు. 1976లో హోకులేయా అను జంటదోనెను హవాయినుండి తాహితికి పాతపద్ధతిని నడపదలచినపుడు, దూరముననున్న సాతవాల్ దీవినుండి మావ్ పియైలుగ్ అను నావికుని పిలిపింపవలసివచ్చెను. అతడు సుమారు 4,000 కిలోమీటర్లు పనిముట్టులు లేక నడపి చూపెను. పిమ్మట తన విద్యను హవాయి యువకులకు నేర్పెను. ఒక జాతి విద్య మరియొక దీవిలోని కొందరి జ్ఞాపకమున నిలిచియుండుటచే బ్రతికినది. వా రానాడు లేకుండిన?

మన తీరమున ఆ ప్రశ్న దూరమైనది కాదు. తెప్పమీద పెరిగిన వృద్ధ జాలరులు చుక్కలకు పెట్టుకొన్న పేర్లు, గాలులకు పెట్టుకొన్న పేర్లు వారితోనే పోవుచున్నవి. వారి మనుమలు దూరపు తీరములకు కూలికి పోవుచున్నారు. 2018 నవంబరులో గుజరాతు తీరమునుండి వేటకు పోయిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరులు జలసరిహద్దు దాటిరని పాకిస్తానువారిచే బంధింపబడి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. చుక్కల చదువే వారిని కాపాడెడిదని మేము చెప్పము. సముద్రముపై రాజ్యములు గీచిన గీత ఏ చుక్కకును కానరాదు. కాని తానెచ్చట నున్నాడో తెలిసికొను సాధనములు ఒకటికి రెండుండుట బీదజాలరికి విలాసము కాదు. అది వాని స్వేచ్ఛకు సంబంధించిన మాట. రేవులలోని పాఠశాలలు తాతలను పిలిచి మనుమల యెదుట కూర్చుండబెట్టిన, ఖర్చు లేకయే ఒక విద్య నిలుచును.

కొత్తచెరువున చేయదగిన పని

ఇంతయు విని మేమేమి చేయవలె నని మీరడుగుదురు. చెప్పెదము. దీనికి విరాళము అక్కరలేదు. మిద్దె యున్న చాలును.

వైశాఖమాసమున, అనగా మే నెల నడుమ, రాత్రి 9 గంటలకు మిద్దె యెక్కుడు. ఉత్తరముగా తిరుగుడు. సప్తర్షులు ఎత్తున నుందురు. వారిలో ముందున్న పులహుని నుండి క్రతువు మీదుగా గీత గీచి, ఆ రెంటి నడిమి దూరమునకు అయిదింతలు పొడిగింపుడు. అచ్చట ఒంటరిగా నున్న చుక్కయే ధ్రువుడు. చేయి చాచి పిడికిలి పట్టిన ఆకాశమున సుమారు 10 డిగ్రీలు. ఒక పిడికిలి, దానిపై అరపిడికిలి. మన యూరి ధ్రువుడు అచ్చట నుండవలెను. ఇప్పుడు వెనుకకు తిరుగుడు. దక్షిణమున సిలువవలె నాలుగు చుక్కలు, పలువురు త్రిశంకువని చెప్పునవి, ఇంచుమించు అంతే యెత్తున నిలిచియుండును. ఉత్తరఖండమువారికి ధ్రువుడు మిక్కిలి ఎత్తున నుండును గాని త్రిశంకువు దక్కదు. దక్షిణధ్రువమువైపువారికి త్రిశంకువు కలడు గాని ధ్రువుడు లేడు. రెండు ధ్రువముల దారులను ఒకే మిద్దెనుండి చూపు భాగ్యము మన సీమకు కలదు. మాఘమాసపు రాత్రి అదే వేళకు దక్షిణమున రెండు పిడికిళ్ళకు కొంచెము మించి అగస్త్యుడు వెలుగును. శరత్తు రాత్రులలో సప్తర్షులు క్రుంగినపుడు ఉత్తరమున శర్మిష్ఠ యను అయిదు చుక్కలు ధ్రువుని జాడ చెప్పును.

పగటిపూట చేయదగిన పరీక్షయు నొకటి కలదు. సూర్యుడు మన యూరికి సరిగా నెత్తిమీదికి సంవత్సరమున రెండు మారులు వచ్చును. ఏప్రిలు నెలాఖరున ఒకమారు, ఆగస్టు నడుమ రెండవమారు. ఆగస్టు 15న పతాకము నెగురవేసిన పిదప పిల్లలను వెంటనే ఇండ్లకు పంపివేయకుడు. ఆకాశము తెరపిగా నున్న, 12 గంటల 20 నిమిషములు దాటిన కొలదిసేపటికి నిటారుగా నిలిచిన ధ్వజస్తంభము నీడ దాని పాదముననే అణగిపోవును. తాము భూమిపై ఏ రేఖ మీద నున్నారో పిల్లలు ఆ నీడలేమి చూచి నేర్తురు. స్వతంత్రదినమున ఇంతకన్న తగిన పాఠము మేమెరుగము.

చదువరులారా! మీ పఠనమందిరము నెల కొక్క అమావాస్య రాత్రిని దీనికి కేటాయింపవలెను. ఆ గడియసేపు వీధిదీపములను ఆర్పుమని పంచాయతీవారిని అడుగవలెను. గొర్రెల కాపరులలో వృద్ధులను ఆహ్వానించి ముందువరుసలో కూర్చుండబెట్టి, వారు చెప్పిన చుక్కల పేర్లను వ్రాసికొనవలెను. పల్లెపేరు, సంస్కృతపు పేరు, పాశ్చాత్యుల పేరు మూడును ప్రక్కప్రక్కన గల పట్టిక యొకటి గోడమీద వ్రేలాడవలెను. మొదటి సంవత్సరము పదిమంది ధ్రువుని గుర్తింప నేర్చిన చాలును. వారొక్కొక్కరు ఇద్దరికి నేర్పిన రెండవయేట ముప్పదిమంది యగుదురు.

దీనివలన రేపే మీకు లాభము రాదు. ఫోను రేపును పనిచేయును. రాజ్యరక్షణ, ఓడల రక్షణ మొదలగు పెద్దపనులకు పెద్దవారున్నారు. అయినను ఒక జాతి స్వావలంబనము ప్రయోగశాలలలోను, కోటలలోను మాత్రమే ఉండదు. ఆపద్ధనము ప్రభుత్వపు పెట్టెలో నొకచోట నున్న దొంగకు సులభము, చెదకు సులభము. ఇంటింట కొంచెము కొంచెముగా నున్న ఎవరును దోచుకొనజాలరు. చుక్కలు పన్ను అడుగవు, తలుపు మూయవు, ఎవ్వరి పక్షమును వహింపవు. చూడ నేర్చినవానికి త్రోవ చెప్పును; నేర్వనివానికి వట్టి మినుకు. నేర్చుట, నేర్పుట మన వంతు. మేఘములేని రాత్రులు ఈ సీమకు కొరత లేదు. వానినైనను వృథా కానీయకుందుము గాక!